నిర్ణీత చలనము: ఒక దురభిప్రాయ ఖండనము

పరిమిత మూలక పద్ధతితో కట్టడముల బలాబలములను గణించు ఇంజనీర్లలో నేడు వేళ్లూని యున్న అభిప్రాయ మొకటి గలదు. నమూనాను సన్నని మెష్‌గా విభజించుటయందును, పదార్థమునకు తగిన గుణములను ఎన్నుకొనుటయందును, గణనపద్ధతిని నిర్ణయించుటయందును శాస్త్రమంతయు ఇమిడియున్నదనియు, ఇక నమూనా అంచున ఏ నోడును బిగింపవలెను, దేనిని ఏ రీతిగా కదల్పవలెను అనునది మాత్రము పని ముగియు వేళ పిన్నవాని కప్పగింపదగిన గుమాస్తాపని యనియు వారి తలంపు. అంతటితోనైన ఆగక, బలమును ప్రయోగించునప్పుడు ఆ బలమెంతయో సందేహముండవచ్చును గాని, చలనమును నిర్ణయించి యిచ్చునప్పుడు సందేహమునకు తావే లేదనియు, యంత్రము కొలిచి చూపిన చలనమునే పునాదికి ఇచ్చితిమి గనుక నమూనాలో నిస్సంశయమైన భాగమేదైన ఉన్నచో అది సరిహద్దే యనియు వారు గట్టిగా చెప్పుదురు. ఈ మాట పాఠశాలలో వినబడును, కార్యాలయములో వినబడును, నివేదికలను పరిశీలించు పెద్దల నోటను వినబడును. కాలముతో మారు చలనమును గణించునప్పుడు ఇంతకంటె హాని చేయు అభిప్రాయము మరియొకటి లేదని నా దృఢవిశ్వాసము. నిర్ణీత చలనము కొలతపట్టికనుండి దిగుమతి చేసికొన్న అంకెల వరుస యని తలచుట పొరపాటు. నమూనాకు వెలుపల నున్న ప్రపంచము ఎట్టిదో, దానికి ఎంత బలమున్నదో, కట్టడము చెప్పు మాటను అది వినునో వినదో ఆ వరుస మనకు తెలియకుండగనే తీర్పు చెప్పుచున్నది.

ఈ అలక్ష్యము ఎక్కడ పుట్టినదో కనుగొనుట కష్టము కాదు. ఈ పద్ధతి బాల్యమంతయు ప్రధానముగా నిలకడ భారముల లెక్కలో గడచినది. 1956లో టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ అను నలుగురు క్లిష్టమైన కట్టడముల దృఢత్వమును గూర్చి ప్రకటించిన వ్యాసమునందు గాని, 1960లో క్లఫ్ ఈ పద్ధతికి నేటి పేరు పెట్టినప్పుడు గాని, ముందున్న ప్రశ్న కట్టడము భారమునకు ఎంత వంగునన్నదే. అట్టి ప్రశ్నలో ఆధారమును బిగించుట యనగా సమీకరణములలోనుండి కొన్ని అడ్డువరుసలను, నిలువువరుసలను తొలగించుట. ఆధారము ఒక సెంటీమీటరు క్రుంగినదని చెప్పినచో, అది రెప్పపాటులో క్రుంగినదా, ఏడాదిపాటు క్రుంగినదా యని ఎవరును అడుగరు. అడిగినను సమాధానము మారదు. ఆ అలవాటు చేతికి అబ్బిన ఇంజనీరు చలనవిశ్లేషణకు వచ్చినప్పుడు, మెనూలో అదే బొమ్మ, అదే బొత్తాము, అదే పట్టిక కనబడుటచేత, తాను చేయుచున్న పనియు అదే యని నమ్మును. కాని ఇచ్చట ఒక నోడు ఎచ్చట నుండవలెనో క్షణక్షణమునకు నిర్ణయించినవాడు, అది ఎంత వేగముతో పోవలెనో, ఎంత త్వరణముతో పోవలెనో కూడ నిర్ణయించినవా డగుచున్నాడు. మూడు ఆజ్ఞలు ఒక్క పట్టికలో దాగియున్నవి. వానిలో ఒకదానినే అతడు ఆలోచించి వ్రాసెను. తక్కిన రెంటిని యంత్రము తనకు తోచినట్లు కల్పించుకొనును.

ఆ కల్పన యెట్టిదో చూచుటకు పెద్ద కంప్యూటరు అవసరము లేదు, పెన్సిలు చాలును. న్యూమార్క్ 1959లో ప్రకటించిన పద్ధతిలో సగటు త్వరణమను భేదము లోకములో మిక్కిలి వాడుకలో నున్నది; ఎంత పెద్ద టైమ్ స్టెప్ తీసికొన్నను సరళ సమస్యలలో అది అదుపు తప్పదని దానికి పేరు. నిశ్చలముగా నున్న ఒక నోడును సెకనుకు 0.1 మీటరు చొప్పున ఏకరీతిగా లాగవలెనని మన కోరిక యనుకొందము. టైమ్ స్టెప్ 0.01 సెకను. కావున స్టెప్పునకు ఒక మిల్లీమీటరు చొప్పున 0, 1, 2, 3 అని పట్టిక వ్రాసి యిచ్చితిమి. ఇంతకంటె అమాయకమైన పట్టిక ఉండదు. ఈ పద్ధతి ననుసరించి ఒక స్టెప్పులో నోడు జరిగిన దూరము, ఆ స్టెప్పు మొదటి వేగమునకును చివరి వేగమునకును సగటును కాలముతో గుణించినంత. మొదటి వేగము సున్న, సగటు 0.1 కావలెను, కనుక మొదటి స్టెప్పు చివర వేగము 0.2 కాక తప్పదు. రెండవ స్టెప్పు 0.2తో మొదలగును, సగటు మరల 0.1 కావలెను, కావున చివరి వేగము సున్న. మూడవ దాని చివర మరల 0.2, నాల్గవ దాని చివర మరల సున్న. మనము ఏకరీతిగా లాగుచున్నామని తలచిన నోడు, యంత్రము దృష్టిలో, ప్రతి స్టెప్పునకు ఒకసారి రెట్టింపు వేగముతో ఉరుకుచు, ఒకసారి చటుక్కున నిలిచిపోవుచు, కాలాంతము వరకు అట్లే కొట్టుకొనుచుండును. త్వరణము స్థితి ఇంకను దారుణము. అదే నియమమును వేగమునకు అన్వయించినచో మొదటి స్టెప్పు చివర త్వరణము 40, రెండవ దాని చివర ఋణ 80, మూడవ దాని చివర 120, నాల్గవ దాని చివర ఋణ 160, ఇట్లు గుర్తు మారుచు, పరిమాణము పెరుగుచు పోవును. ప్రమాణము సెకను వర్గమునకు మీటర్లు. గురుత్వ త్వరణము 9.81 మాత్రమేనని గుర్తుంచుకొన్నచో ఈ అంకెల అర్థము తెలియగలదు. ఇంత జరుగుచున్నను స్థానభ్రంశమును గీచి చూచినవానికి నిక్కమైన సరళరేఖయే కనబడును, ఎక్కడను వెంట్రుకవాసి దోషము లేదు. అతడు సంతృప్తుడై సంతకము పెట్టును.

ఇచ్చట ప్రతివాదులు తమ సర్వరోగనివారిణిని బయటికి తీయుదురు: టైమ్ స్టెప్పును తగ్గింపుడు, మెష్‌ను సన్నగా చేయుడు, ఫలితము దానంతట అదే సత్యమును సమీపించును అని. తగ్గించి చూతము. 0.01 బదులు 0.005 తీసికొన్నచో మొదటి త్వరణము 80, రెండవది ఋణ 160, మూడవది 240. సగము చేసినకొలది దోషము రెట్టింపైనది. కారణము స్పష్టమే. నిశ్చలముగా నున్న వస్తువు మరుక్షణమున పరిమితవేగముతో పోవుచున్నదని మనము వ్రాసి యిచ్చితిమి. అట్టి సంఘటనకు అనంతమైన త్వరణము కావలెను. టైమ్ స్టెప్ ఎంత చిన్నదైన, యంత్రము ఆ అనంతమునకు అంత విధేయతతో దగ్గరగా పోవును. మెష్‌ను సన్నగా చేయుట యనునది వేసిన ప్రశ్నకు సరియైన జవాబు నిచ్చుటకు పనికివచ్చును గాని, వేసిన ప్రశ్నయే అసంగతమైనప్పుడు దానిని సంగతము చేయుటకు పనికిరాదు. ఈ మాట పాఠ్యగ్రంథములలో లేకపోలేదు, కాని అది ఎక్కడో వెనుకటి అధ్యాయములలో పడియుండుటచేత ఎవరి కంటను పడదు.

మరికొందరు, సంఖ్యాత్మకమైన డ్యాంపింగ్ గల పద్ధతులను వాడినచో ఈ పీడ వదలునందురు. 1977లో హిల్బర్, హ్యూస్, టేలర్ ప్రతిపాదించిన ఆల్ఫా పద్ధతియు, 1993లో చుంగ్, హల్బర్ట్ ప్రకటించిన దాని సామాన్యరూపమును మిక్కిలి ఉపకారము చేసినవే. వానితో పైన చెప్పిన కొట్టుకొనుట క్రమముగా అణగిపోవును, నిజమే. కాని మొదటి స్టెప్పులోని దెబ్బ తగిలియే తీరును, ఆ దెబ్బ పంపిన తరంగము కట్టడములోనికి ప్రవేశించియే యుండును, తరువాత అణగినది దాని ఆనవాలు మాత్రమే. రోగము మానలేదు, రోగిని నిద్రపుచ్చితిమి. మందు నిజముగా కావలసినవాడు ప్రారంభవేగమును 0.1గా ఇచ్చి చూడవలెను. అప్పుడు పై లెక్కలో ప్రతి స్టెప్పు చివరను వేగము 0.1గను త్వరణము సున్నగను నిలుచును, ఏ గందరగోళమును ఉండదు. లేక, కట్టడము నిజముగా విశ్రాంతినుండియే బయలుదేరుచున్నచో, చలనమునకు మొదలును చివరను వేగమును త్వరణమును సున్నయగునట్లు మూడవ, నాల్గవ, ఐదవ ఘాతములు గల బహుపదిని, అనగా 10, ఋణ 15, 6 అను గుణకములతో, వాడవలెను. కాని అదియు ఉచితముగా లభించునది కాదు: సగటు వేగమునకు 1.875 రెట్ల గరిష్ఠవేగమును, దూరమును కాలవర్గముతో భాగించిన దానికి దాదాపు 5.77 రెట్ల గరిష్ఠత్వరణమును అందులో ఉన్నవి. నునుపుగా నున్నదని దానిని గ్రుడ్డిగా వాడువాడును ఒక భౌతికప్రతిజ్ఞ చేయుచున్నవాడే.

వాహనముల ఢీకొనుటను, లోహపు రేకుల అచ్చుపోతను గణించు స్పష్ట (explicit) పద్ధతులవారు ఈ విషయములో మరింత నిర్భయులు. ఉక్కులో తరంగము సెకనుకు సుమారు 5,000 మీటర్లు పోవును. మూలకము పొడవు 5 మిల్లీమీటర్లైన టైమ్ స్టెప్ సెకనులో పదిలక్షవ వంతు మించరాదు. అచ్చుకు సెకనుకు ఒక మీటరు వేగమును మొదటి స్టెప్పులోనే ఇచ్చినచో, ఆ నోడునకు గురుత్వమునకు లక్షరెట్ల త్వరణము నిచ్చితిమన్నమాట. దాని వెంట ఉక్కు కడ్డీలో ప్రవేశించు ప్రతిబలము, సాంద్రతను తరంగవేగముతోను నోడు వేగముతోను గుణించినచో, సుమారు 40 మెగాపాస్కలులు; అది బిగించిన మరియొక కొనను తాకి వెనుకకు మరలునప్పుడు రెట్టింపై 80 అగును. ఈ అంకెలు అబద్ధములు కావు. నిజముగా అంత వేగముతో పోవు సుత్తి అకస్మాత్తుగా కడ్డీని తాకినచో అంతే కలుగును. మన కార్ఖానాలో అట్టి సుత్తి లేదు, అచ్చు మెల్లగా దిగినది. గణనకాలమును తగ్గించుకొనుటకు మనమే దానిని వేగముగా దింపితిమి. జరుగని సంఘటనను యంత్రము యథాతథముగా గణించి పెట్టినది, దానికి మనము లోహము యొక్క స్వభావమని పేరు పెట్టితిమి.

ఇంతవరకు చెప్పినది లెక్కలోని చిక్కు. అసలు అభ్యంతరము అంతకంటె లోతైనది. నిర్ణీత చలనమునకు అలసట లేదు. నోడు ఫలానా క్షణమున ఫలానా చోట నుండవలెనని వ్రాసినచో, దానిని అచ్చట నుంచుటకు ఎంత బలము కావలసిన అంత బలమును సరిహద్దు సరఫరా చేయును; వేయి టన్నులైన సరే, కోటి టన్నులైన సరే. కట్టడము ఎదురు తిరిగినను, కూలినను, పగిలి రెండైనను, ఆ నోడు తన పట్టికను చదువుకొనుచు పోవును. లోకములో ఏ నేల, ఏ యంత్రము, ఏ ఇరుసు అట్టిది కాదు.

కొయ్నా ఆనకట్ట దీనికి చక్కని ఉదాహరణము. కొయ్నా కరాడ్ వద్ద కృష్ణలో కలియు ఉపనది. విద్యుదుత్పత్తికై దాని నీటిలో అధికభాగము పడమటికి మరలింపబడుచున్నను, పుట్టుకచేత అది నాగార్జునసాగరమునకును శ్రీశైలమునకును చుట్టమే. 1967 డిసెంబరు 11న తెల్లవారుజామున సంభవించిన భూకంపములో దాదాపు 180 మంది మరణించిరి. 103 మీటర్ల ఎత్తుగల ఆ ఆనకట్ట కూలలేదు గాని, దిగువముఖపు వాలు హఠాత్తుగా మారు మట్టమునకు దాపున రెండు ముఖములయందును పగుళ్లు వారినవి. భారములో 0.05 వంతు అడ్డబలమును తీసికొని రూపొందించిన ఆ కట్టడము మీద నమోదైన గరిష్ఠత్వరణము ఆనకట్ట నిడివి దిశలో గురుత్వములో 0.63 వంతు, నది దిశలో 0.49 వంతు. నాటినుండి ప్రపంచములో కాంక్రీటు పగుళ్ల నమూనాను క్రొత్తగా కనిపెట్టిన ప్రతివాడును దానిని కొయ్నా మీద పరీక్షించుచున్నాడు. ప్రసిద్ధ సాఫ్ట్‌వేర్ల ఉదాహరణ గ్రంథములలోనికి కూడ అది ఎక్కినది. పరీక్షించు విధము సామాన్యముగా ఒక్కటే: పునాదిని వంగని దృఢశిలగా భావించి, ఆనకట్ట అడుగునగల నోడులన్నిటికి నమోదైన త్వరణమును ఒక్క తీరున ఇచ్చుట.

ఇందులో దాగియున్న రెండు ప్రతిజ్ఞలను విప్పి చూడుడు. మొదటిది, ఆ త్వరణమును కొలిచిన యంత్రము ఎక్కడో దూరపు బండమీద లేదు. ఆనకట్ట గ్యాలరీలోనే యున్నది. అనగా అది నమోదు చేసినది కేవలము భూమి చలనము కాదు, భూమియు ఆనకట్టయు కలిసి ఊగిన చలనము. జవాబులోని ఒక భాగమును త్రుంచి తెచ్చి ప్రశ్నగా పెట్టి, వచ్చిన జవాబు ప్రశ్నకు సరిపోయినదని సంతోషించు పరీక్ష ఇది. రెండవది, బలమును గూర్చినది. ఆనకట్ట అడ్డుకోత వైశాల్యము సుమారు 3,600 చదరపు మీటర్లు. నిడివిలో ఒక్క మీటరు ముక్క బరువు దాదాపు 9,500 టన్నులు. అది దృఢముగా కదిలినను, 0.49 వంతు త్వరణమునకు మీటరు నిడివికి 4,600 టన్నులకు పైగా అడ్డబలము పునాదిమీద పడును. ఊగుటవలన పెరుగునది వేరు, జలాశయపు నీరు త్రోయునది వేరు. ఇంత బలము క్షణక్షణమునకు దిశ మార్చి తాకుచున్నను క్రింది బండ తన పట్టిక ప్రకారమే కదలుననుట ఎంత సాహసము! వాస్తవములో బండ స్థితిస్థాపకమైనది. ఆ తాకిడికి అది వంగును, తరంగములను క్రిందికిని ప్రక్కలకును పంపును, ఆ తరంగములతో ఆనకట్టలోని శక్తి మరల రానిదై దూరముగా పోవును. నిర్ణీత చలనముతో ఆ మార్గము మూసివేసితిమి. శక్తికి పోవుచోటు లేక పైననే తిరుగును. అప్పుడు ఫలితమును లోకానుభవముతో సరిపెట్టుటకై ఇంజనీరు కాంక్రీటులో లేని డ్యాంపింగును కాంక్రీటుకు అంటగట్టును. ఒక తప్పును సరిదిద్దుటకు రెండవ తప్పును తూకముగా వేయు ఈ విద్యకు మన వృత్తిలో క్రమాంకన మని గౌరవనామము.

పునాదిని కొంత లోతువరకు నమూనాలో చేర్చినచో సరిపోవును గదా యందురు. చేర్చినవారు మరియొక గోతిలో పడుట నేను తరచుగా చూచుచున్నాను. బండలో కోత తరంగము సెకనుకు 1,000 మీటర్లు పోవుననియు, నమూనా అడుగును 100 మీటర్ల క్రింద కోసితిమనియు అనుకొన్నచో, అడుగునుండి బయలుదేరిన తరంగము పైకిపోయి మరలి 0.2 సెకనులో అడుగునకు చేరును. అచ్చట నిర్ణీత చలనమున్నచో అది గోడవలె పనిచేసి తరంగమును మరల పైకి త్రోయును. పది సెకనుల భూకంపములో ఇట్లు ఏబదిమార్లు జరుగును. ఈ దోషమును తప్పించుటకే 1969లో లైస్మర్, కులెమేయర్ అనువారు సరిహద్దు నోడులకు తరంగములను మ్రింగు డ్యాష్‌పాట్లను తగిలించు ఉపాయమును చెప్పిరి. ప్రతి చదరపు మీటరునకు దాని విలువ బండ సాంద్రతను తరంగవేగముతో గుణించినంత. ఎంత చక్కని ఉపాయము! మన ఇంజనీరు దానిని శ్రద్ధగా తగిలించును, పిమ్మట అదే నోడునకు త్వరణ పట్టికను కూడ ఇచ్చును. నోడు చలనము ముందే నిర్ణీతమైనప్పుడు డ్యాష్‌పాట్ ఎంత లాగినను ఏమి ప్రయోజనము? అది లాగిన బలమును సరిహద్దు మారుమాటాడక చెల్లించును, నోడు మాత్రము తన దారిని తాను పోవును. డ్యాష్‌పాట్ నివేదికలోని బొమ్మకు అలంకారముగా మిగులును. చేయవలసినది చలనమును ఇచ్చుట మాని, పైకి వచ్చు తరంగపు వేగమును సాంద్రతతోను తరంగవేగముతోను గుణించి, రెట్టించి, కోతప్రతిబలముగా ఇచ్చుట. ఆ రెట్టింపు ఎందుకనగా, ఇచ్చిన దానిలో సగమును డ్యాష్‌పాటే మ్రింగును. భూమి ఉపరితలమున కొలిచిన చలనమును అడుగున కీయరాదనియు, దానిని ముందు లోతునకు దింపి పైకిపోవు భాగమును విడదీయవలెననియు వేరుగ చెప్పవలెనా? ఆ పని చేయుటకు 1972నుండియే సాధనములున్నవి, వాడువారే తక్కువ.

ఓడిపోవుచున్న వాదము చివరకు ఆశ్రయించు కోట ఒకటి గలదు: "పునాదిని దృఢముగా భావించినచో వచ్చు ఫలితము వాస్తవముకన్న ఎక్కువే గాని తక్కువ కాదు, కనుక మేము భద్రతపక్షమున నున్నాము." ఇది సర్వత్ర సత్యమైనచో నేనును నోరు మూసికొందును. కాని మెత్తని నేలమీద కట్టడము యొక్క ఆవర్తనకాలము పెరుగును. భూకంపము ఆ పెరిగిన ఆవర్తనకాలముననే బలముగా నున్నచో, దృఢమైన పునాది చూపినదానికంటె కష్టము హెచ్చును. 1995 జనవరి 17న కోబెలో సంభవించిన భూకంపములో హాన్‌షిన్ రహదారి వంతెన ఫుకాయె యను చోట 635 మీటర్ల పొడవున ప్రక్కకు ఒరిగి పడినది. నేలతోడి పరస్పరచర్య ఎల్లప్పుడును మేలే చేయునను నమ్మకమును మైలోనాకిస్, గజేటాస్ అను పరిశోధకులు 2000లో ప్రశ్నించుచు ఆ కూలుటను దృష్టాంతముగా చూపిరి. ఇదియుగాక, పగులు ఎక్కడ పుట్టునో తెలిసికొనుటకు చేయు విశ్లేషణలో భద్రతపక్ష మనుదానికి అర్థమే లేదు. ఆనకట్ట మడమవద్ద లేని ప్రతిబలమును కల్పించి అచ్చట కాంక్రీటును ముందే పగులగొట్టిన నమూనా, వాలు మారు మెడవద్దనున్న నిజమైన పగులునకు రావలసిన శక్తిని హరించును. హెచ్చుగా చెప్పిన అబద్ధము తక్కువగా చెప్పిన అబద్ధముకన్న సత్యమునకు దగ్గరది కాదు.

త్వరణమునకు బదులు స్థానభ్రంశమును ఇయ్యవలసిన సందర్భములు కలవు. పొడవైన వంతెనలు అట్టివి. రాజమహేంద్రవరమువద్ద గోదావరిమీదనున్న కమాను రైలు వంతెన 28 కమానులతో, ఒక్కొక్కటి సుమారు 97.5 మీటర్ల పొడవుతో, రెండున్నర కిలోమీటర్లకు మించి సాగియున్నది. భూతరంగము సెకనుకు 1,000 మీటర్ల వేగముతో దాని వెంబడి పోవుననుకొన్నచో, ప్రక్కప్రక్కనున్న స్తంభములు పదవవంతు సెకను తేడాతోను, రెండు కొనలు రెండున్నర సెకనులకు పైబడిన తేడాతోను కదలును. అన్ని స్తంభములకు ఒక్క త్వరణము నిచ్చు సులభమార్గము ఇచ్చట చెల్లదు. ఏ స్తంభము ఎప్పుడు ఎచ్చట నున్నదో చెప్పవలెను. దానికై కొలిచిన త్వరణమును కాలముతో రెండుసార్లు సమాకలనము చేయుదురు. అప్పుడు కొలతలోని అతిసూక్ష్మమైన దోషము ఎట్లు పెరుగునో చూడుడు. యంత్రపు సున్నగీత గురుత్వములో వేయవ వంతు మాత్రము ప్రక్కకు జరిగియున్నదనుకొందము. కాగితముమీద అది గీత మందమంత యైనను కాదు. ఇరువది సెకనులలో అది రమారమి 2 మీటర్ల కల్పిత స్థానభ్రంశమగును, నలుబది సెకనులలో దాదాపు 8 మీటర్లు. అన్ని స్తంభములకు ఒకే దోషమున్నచో వంతెన మొత్తము ఎక్కడికో కొట్టుకొనిపోవునే గాని బేరింగులకు నొప్పి యుండదు. ఒక్కొక్క స్తంభమునకు ఒక్కొక్క దోషమున్నచో, భూకంపము చేయని పనిని సమాకలనము చేసి కమానులను పీఠములనుండి దింపివేయును. సున్నగీతను సరిచేయు పద్ధతులున్నవి. వానిని ఎన్నుకొనునది సాఫ్ట్‌వేర్ కాదు, ఇంజనీరు. శాశ్వతముగా భూమి జరిగిన చోట ఆ జరుగుటను కూడ దోషమని తుడిచివేయు పద్ధతులును వానిలో కలవు.

మిగిలిన వానిని త్వరగా చెప్పి ముగించెదను. నోడును బిగించుటకు మిక్కిలి దృఢమైన కల్పిత స్ప్రింగును తగిలించు పెనాల్టీ పద్ధతిని స్పష్ట గణనలో వాడువారు, ఆ స్ప్రింగు వ్యవస్థయొక్క గరిష్ఠ పౌనఃపున్యమును పెంచి అనుమతింపదగిన టైమ్ స్టెప్పును కుదించునని మరచుచున్నారు. దృఢత్వము తగ్గించినచో నోడు బిగిసి యుండదు, పెంచినచో గణనము ముందుకు సాగదు. పునాది చలనముతోబాటు కట్టడము మొత్తము కదలు నిరపేక్ష నిరూపకములలో, ద్రవ్యరాశికి అనులోమమైన డ్యాంపింగును పెట్టువారు, కట్టడము ఏమాత్రము వంగకుండ నేలతో కలిసి పోవుచున్నను దానిని వెనుకకు లాగు బలమును సృష్టించుచున్నారు. గాలిలో గాక తేనెలో ఈదుచున్న కట్టడమది.

నిర్ణీత చలనమును పూర్తిగా బహిష్కరింపవలెనని నేను చెప్పుట లేదు. మహాశిలమీద బోల్టులతో బిగించిన చిన్న పరికరమునకు శిల చలనమును ఇచ్చుట సర్వథా న్యాయ్యము. శిల బరువుముందు పరికరము బరువు లెక్కకు రాదు, దాని మొర శిలకు వినబడదు. ఎనిమిది అంతస్తుల భవనములో ఒక అంతస్తుమీద నున్న చిన్న విద్యుత్పెట్టెకు ఆ అంతస్తు చలనమును ఇచ్చుటయు అట్టిదే. కాని అదే అంతస్తుమీద నీటితొట్టి నిలిపినచో మాట వేరు, ఆ తొట్టి అంతస్తును తిరిగి కదల్పగలదు. ప్రయోగశాలలోని కంపనవేదిక సైతము తనమీదనున్న నమూనా బరువైనచో ఆజ్ఞాపించిన చలనమునుండి తొలగునని దానిని నడుపువారికి తెలియును. వారికి తెలిసినది కంప్యూటరుముందు కూర్చున్నవానికి తెలియకపోవుటకు కారణ మొక్కటే: వేదికకు మోటారులున్నవి, వానికి పరిమితులున్నవి, అవి శబ్దము చేయును; తెరమీది సరిహద్దునకు శబ్దమే లేదు.

కావున ఈ వృత్తిలోనివారిని నేను కోరునది గొప్ప సంస్కరణ కాదు. నిర్ణీత చలనముతో చేసిన ప్రతి విశ్లేషణకు, రంగుల ప్రతిబల చిత్రములకు ముందు, మూడు రేఖలను ముద్రింపుడు: సరిహద్దునకు ఇచ్చిన చలనముయొక్క స్థానభ్రంశ, వేగ, త్వరణములు ఒక్క కాలాక్షముమీద; ఆ చలనమును నిలుపుటకు సరిహద్దు చెల్లించిన ప్రతిచర్యాబలము; ఆ బలము చేసిన పని, కట్టడములో నిలిచిన శక్తి, డ్యాంపింగు హరించిన శక్తి. మొదటి రేఖలో రంపపుపళ్లు కనబడినచో, రెండవ రేఖలోని బలమును మోయగల నేల ఆ స్థలమున లేనిచో, మూడవ దానిలో జమాఖర్చులు సరిపోనిచో, మెష్ ఎంత సన్ననిదైనను ఆ నివేదికను త్రిప్పి పంపుడు. పరిశీలనాధికారులు ఈ మూటిని అడుగుట మొదలుపెట్టినచో, గుమాస్తాపని యనుకొన్నదానిని పెద్ద ఇంజనీరు తానే చేయును.